పచ్చ వలయంలో నాలుగో మనిషి: గిల్డ్ వార్స్ 2లో ఒక గిల్డుపై సమీక్ష

గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ రోల్‌ప్లేయింగ్ ఆటను నేను 2013 నుంచి, మధ్యలో నెలల తరబడి విరామాలతో, విశాఖపట్నంలో గాజువాకలోని మా ఇంటి నుంచి ఆడుతున్నాను. 2012 ఆగస్టు 28న విడుదలైన ఈ ఆట దృశ్యాల గురించీ, పోరాట పద్ధతి గురించీ చాలామంది ఇప్పటికే రాశారు కనుక వాటి జోలికి పోను. ఏడాదిన్నరగా నేను సభ్యుడిగా ఉన్న ఒక గిల్డును (కలిసి ఆడేందుకు ఆటగాళ్లు కట్టుకునే సంఘాన్ని), అటువంటి గిల్డు దొరకడానికి ఈ ఆట ఎంతవరకు తోడ్పడుతుందన్న విషయాన్ని మాత్రమే ఇక్కడ సమీక్షిస్తున్నాను. సభ్యులు సొంత పేర్లు బయటపెట్టుకోని మనుషులు కనుక గిల్డు పేరు చెప్పడం లేదు.

ముందుగా నా కొలబద్ద ఏమిటో చెప్పాలి. నా మొదటి గిల్డు చాలా పెద్దది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిని ఊడ్చిపెట్టినప్పుడు మా వీధికి కరెంటు రావడానికి 9 రోజులు, ఇంటర్నెట్ రావడానికి మరో వారం పట్టింది. ఇంటి ముందు పడిన వేపచెట్టును కోయించి, ట్యాంకర్ల దగ్గర నీళ్లు పట్టుకుని, చివరకు ఆటలోకి వచ్చి చూసుకుంటే నేను ఏ గిల్డులోనూ లేను. అడిగితే, రెండు వారాలు కనబడనివారిని తీసేయడం తమ నియమమనీ, అది అందరికీ ఒకటేననీ అక్కడి అధికారి ఒకరు సమాధానమిచ్చారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, ఎందుకంటే ఈ ఆటలో ఒక గిల్డుకు 500 మంది సభ్యులకు మించి వీలు లేదు, నిండిన గిల్డులో ఖాళీలు కావాలంటే ఎవరినో ఒకరిని పంపక తప్పదు. అయినా ఏడాది పాటు కలిసి ఆడినవాడు ఏమయ్యాడని ఒక్క ఉత్తరమైనా రాయలేదు. అప్పటి నుంచి ఏ గిల్డునైనా, కనబడకుండా పోయినవాడి విషయంలో అది ఏం చేస్తుందన్నదాన్ని బట్టే అంచనా వేస్తున్నాను.

ఈ దృష్టితో చూస్తే ఆట నిర్మాణానికి మంచి మార్కులే వేయాలి. నెలసరి చందా లేదు. మన పాత్ర చేరగల గరిష్ఠ స్థాయి విడుదలైన నాడు 80, నేటికీ 80. ఒకసారి కష్టపడి సంపాదించిన ఉన్నత శ్రేణి కవచాలు కొత్త విస్తరణలు (డబ్బిచ్చి కొనుక్కునే అదనపు భాగాలు) వచ్చినా పాతబడవు కాబట్టి, ఆరు నెలలు మానేసి వచ్చినవాడు మిగతావారికి బరువు కాడు. ఒకే శత్రువును పదిమంది కొడితే తగినంత చేయి వేసిన పదిమందికీ ఎవరి వాటా వారికి వస్తుంది. ఒకరు తవ్వుకున్న ఖనిజం పక్కవాడికీ అక్కడే ఉంటుంది. నేలకూలిన అపరిచితుడిని ఎవరైనా వంగి లేపవచ్చు, లేపినవారికి అనుభవ పాయింట్లు కూడా దక్కుతాయి. పక్కవాడు పోటీదారుగా కనిపించే సందర్భాలను ఇంత తగ్గించిన ఆటను నేను వేరే చూడలేదు.

అయితే పదిమంది కలిసి బాస్‌లనే బలమైన ప్రధాన శత్రువులతో తలపడే రైడ్ల దగ్గరకు వచ్చేసరికి ఈ సౌమ్యత అంతా ఆవిరైపోతుంది. 2015 నవంబరులో వచ్చిన మొదటి రైడ్ ద్వారం దగ్గరే నేను ఏళ్ల తరబడి ఆగిపోయాను. రైడ్ బాస్‌లను ఓడించినవారికి లెజెండరీ ఇన్‌సైట్ అనే గుర్తు వస్తుంది. జట్టు వెతుక్కునే పట్టికలో ప్రకటన ఇచ్చే చాలామంది ఇవి వంద చూపించమనో, రెండు వందల యాభై చూపించమనో అడుగుతారు. అవి లేనివాడిని జట్టులోకి రానివ్వరు, జట్టులోకి రానిదే అవి రావు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదు అన్నట్టుంటుంది వ్యవహారం. ఆట తయారీదారులు ఈ ముడిని విప్పే పనిని దాదాపుగా ఆటగాళ్లకే వదిలేశారు, ఈ ఆటపై నా ప్రధాన అభ్యంతరం ఇదే.

ఆ ముడి విప్పినది నేటి నా గిల్డు. అదే పట్టికలో ఒక రాత్రి, గుర్తులేమీ అక్కర్లేదు, కొత్తవారికి నేర్పుతాం అన్న ప్రకటన చూసి చేరాను. మొదటి బాస్ వేల్ గార్డియన్. యుద్ధం మధ్యలో నేల మీద ఒక పచ్చ వలయం వెలుగుతుంది, అది పేలేలోపు కనీసం నలుగురు అందులో నిలబడాలి, లేకపోతే జట్టు మొత్తానికీ పెద్ద దెబ్బ తగులుతుంది. ఆ నలుగురిలో నన్నొకడిగా వేశారు. నేను ఆడేది యూరప్ సర్వర్ల మీద, మా ఇంటి లైనులో పింగ్, అంటే సంకేతం సర్వర్‌కు వెళ్లి రావడానికి పట్టే సమయం, 180 మిల్లీసెకన్లకు తగ్గదు. నా తెర మీద నేను వలయంలోనే ఉన్నాను, సర్వర్ లెక్కలో ఇంకా దారిలో ఉన్నాను. వరుసగా ఏడుసార్లు అందరం చచ్చాం. ఎవరెంత దెబ్బ వేశారో చూపించే ఆర్క్‌డీపీఎస్ అనే ఉపకరణం ఈ ఆటలో చాలామంది వాడతారు; ఇతర జట్లలో ఆ లెక్కలను మనిషిని అందరి ముందూ నిలదీయడానికి వాడగా చూశాను. ఇక్కడ నాయకుడు ఆట ఆపి, నాకొక్కడికే సందేశం పంపి, పింగ్ ఎంత అని అడిగాడు. చెప్పాక, వలయం కనబడ్డాక పరుగెత్తవద్దనీ, అది దాదాపు ఒకే వ్యవధిలో వస్తూ ఉంటుంది కాబట్టి లోపల లెక్కపెట్టుకుని ముందే కదలమనీ సూచించాడు. ఆ రాత్రి గెలవలేదు. మూడో వారం గెలిచాం, ఎనిమిది నిమిషాల గడువుకు పదకొండు సెకన్ల ముందు.

విశాఖలో ఉండేవారికి అసలు చిక్కు వేళలతో వస్తుంది. మా గిల్డు రైడ్లకు కూడే వేళ, జర్మనీలో రాత్రి 8 గంటలంటే మనకు చలికాలంలో అర్ధరాత్రి దాటి 12.30, వేసవిలో 11.30. నేను ఉక్కు కర్మాగారంలో షిఫ్టుల మీద పనిచేస్తాను. రాత్రికి ముగిసే బి షిఫ్టు చేసుకుని ఇంటికొచ్చి, భోజనం చేసి కూర్చుంటే వేసవిలో వేళ సరిపోతుంది. తెల్లవారి ఎ షిఫ్టు ఉంటే ఏ కాలంలోనూ కుదరదు. రాత్రంతా ఉండే సి షిఫ్టు వారం గురించి చెప్పనే అక్కర్లేదు. మూడు వారాలకొకసారి మాయమయ్యే సభ్యుడిని ఏ జట్టూ కోరుకోదని నాకు తెలుసు కనుక, నేనే తప్పుకుంటానని రాశాను. గిల్డులో రాజమండ్రి నుంచి జర్మనీ వెళ్లి స్థిరపడిన ఒకావిడ ఉన్నారని నాకు అప్పుడే తెలిసింది. ఆవిడ తెలుగులో జవాబిచ్చారు: "తప్పుకోవడం ఎందుకండీ, మీ డ్యూటీ చార్టు ముందుగా పంపండి, పదిహేను రోజులకొక ఆదివారం మధ్యాహ్నం పెట్టుకుందాం." వాళ్ల మధ్యాహ్నం మనకు సాయంత్రం. ఆవిడ ఓటింగ్ పెట్టారు, ఏడుగురు ఒప్పుకున్నారు, ఆదివారం శిక్షణ అలా మొదలైంది. మొన్న బంగాళాఖాతంలో వాయుగుండం ఏర్పడిందన్న వార్త వచ్చిన రోజున, నేను లాగిన్ కాకముందే ఆవిడ ఉత్తరం వచ్చి ఉంది, ఇంట్లో అందరూ క్షేమమేనా అని.

వారానికోసారి జరిగే గిల్డు మిషన్లు సరదాగానే ఉంటాయి. జంతువుల రూపం ధరించి పరుగెత్తే పందెంలో మా అబ్బాయి నాకంటే నయం.

లోపాలు లేవని అనను. ఆటలోని గిల్డు హాలు అభివృద్ధికి సామగ్రి ఇవ్వమని తరచూ గుర్తుచేస్తారు, తప్పనిసరి కాదంటూనే దాతల జాబితాను గోడకెక్కిస్తారు. ఆడుతూ మాట్లాడుకునే వాయిస్ గదిలో యూరోపియన్ యాసల ఇంగ్లీషు వేగం మొదటి నెలంతా నాకు సగమే అందింది. అడిగితే రాసి చూపిస్తారు గాని, బాస్ ఎదురుగా ఉన్నప్పుడు అడిగే తీరిక ఎవరికుంటుంది? పాత సభ్యులు ఆరేడుగురు తమలో తాము ఒక జట్టుగా కఠినమైన సవాళ్లు ఆడుకుంటారు, అందులోకి కొత్తవారికి ఇంతవరకు చోటు దొరకలేదు. రికార్డుల కోసం ఆడేవారికి ఈ గిల్డు విసుగు తెప్పిస్తుంది.

చేరాలనుకునేవారు ఒకటి గమనించాలి. 2015 ఆగస్టు నుంచి మూల ఆట ఉచితమే అయినా, రైడ్లు ఆడాలంటే విస్తరణలు కొనక తప్పదు. కొనే ముందే, ఉచిత ఖాతాతో తిరుగుతూ, నచ్చిన గిల్డు మనుషులతో రెండు మూడు వారాలు ఆటలో అందరూ తిరిగే బహిరంగ ప్రదేశాల్లో ఆడి చూడండి. నెల రోజులు రాకపోతే ఏమవుతుందని సూటిగా అడగండి. మా గిల్డులో నేను అడిగినప్పుడు, "మీ పేరు పక్కన సెలవు అని రాస్తాం" అన్నారు. అన్నట్టు, అక్టోబరు చివరి ఆదివారం నుంచి యూరప్ గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి, ఆదివారం శిక్షణ మనకు సాయంత్రం 6.30కి బదులు 7.30కి మొదలవుతుంది.