అమ్మానాన్నలతో ప్రాగ్‌లో ఒక రోజు

అమ్మానాన్నలు తెనాలి నుంచి జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉన్న మా దగ్గరికి వచ్చినప్పుడు చెక్ రాజధాని ప్రాగ్ తీసుకెళ్ళాను. రైల్లో రెండున్నర గంటల లోపే, దారి చాలా దూరం ఎల్బే నది పక్కనే పోతుంది కాబట్టి వెళ్ళేటప్పుడు ఎడమవైపు కిటికీ సీట్లు దొరికితే వదలకండి. గురువారం సాయంత్రం దిగి, శుక్రవారం అంతా తిరిగాం. వయసైన వాళ్ళతో వెళ్ళేవాళ్ళకి పనికొస్తుందని అన్నీ వివరంగా రాస్తున్నాను.

ముందు బస గురించి. స్టేషన్‌కి దగ్గరని ఒక అపార్ట్‌మెంట్ బుక్ చేశాను. లిఫ్ట్ ఉందని రాశారు, తీరా వెళ్తే అది పనిచేయట్లేదు, మూడో అంతస్తు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్టు మెట్టుకీ ఆగి ఎక్కింది, నాకు చాలా బాధేసింది. గది మాత్రం శుభ్రంగా ఉంది, వంటగది ఉండటంతో రాత్రి అన్నం వండుకున్నాం. అయినా పెద్దవాళ్ళుంటే కాస్త ఎక్కువైనా హోటలే తీసుకోండి, లిఫ్ట్ సంగతి బయల్దేరే ముందు ఇంకోసారి అడిగి తెలుసుకోండి.

పొద్దున్న ఏడింటికల్లా చార్లెస్ వంతెన మీద ఉన్నాం. పదింటి తర్వాత అక్కడ అడుగు పెట్టడానికి చోటుండదు. ఈ వంతెనకి ముహూర్తం పెట్టి శంకుస్థాపన చేశారని చెబుతారు: 1357, 9వ తేదీ, 7వ నెల, ఉదయం 5:31. వరసగా రాస్తే 1-3-5-7-9-7-5-3-1, ఎటు నుంచి చదివినా ఒకటే. ఈ మాట చెప్పగానే నాన్న జేబులోంచి పెన్ను తీసి టికెట్ వెనకాల రాసి చూసుకున్నారు. రెండు పక్కలా కలిపి 30 విగ్రహాలున్నాయి. అందులో నెపోముక్ జాన్ అనే సాధువుది కంచు విగ్రహం. ఆయన్ని 1393లో నదిలో పడేసి చంపారు. పీఠం మీది ఫలకాలు నల్లబడిపోయినా, ఆ పడేసే దృశ్యంలో ఆయన బొమ్మ మాత్రం తాకీ తాకీ బంగారంలా మెరుస్తోంది. అమ్మ ఎవరూ చెప్పకుండానే దాన్ని తాకి కళ్ళకద్దుకుంది.

వంతెన దాటి అవతలి ఒడ్డున 22వ నంబరు ట్రామ్ ఎక్కితే కోట పైభాగానికి తీసుకెళ్తుంది. చాలామంది కింద నుంచి మెట్లెక్కి ఆయాసపడుతుంటారు. మీరు ట్రామ్‌లో పైకెళ్ళి, చూసుకుంటూ కిందికి దిగండి. ట్రామ్‌లోనే కార్డు ట్యాప్ చేసి టికెట్ తీసుకోవచ్చు, కాగితం టికెట్ అయితే ఎక్కగానే మిషన్‌లో స్టాంపు వేసుకోవడం మర్చిపోవద్దు. కోటలో సెయింట్ వైటస్ చర్చి 1344లో మొదలుపెట్టి 1929లో పూర్తిచేశారు, అంటే 585 ఏళ్ళు. లోపల చెక్ చిత్రకారుడు ముఖా గీసిన రంగు అద్దాల కిటికీ ముందు ఎండ పడేదాకా ఆగండి, పది నిమిషాలు ఆగినా నష్టం లేదు. గోల్డెన్ లేన్‌లో చిన్న చిన్న ఇళ్ళు బావున్నాయి కానీ ఇరుకు, జనం, అమ్మ బయటే కూర్చుంది.

దిగాక మాలోస్ట్రాన్‌స్కా నుంచి మెట్రోలో ఒక్క స్టేషన్ వెళ్తే పాత యూదుల పేట. ఇక్కడి ఎస్కలేటర్లు చాలా పొడుగు, మనకి అలవాటైన వాటికన్నా వేగం, చీర కట్టుకున్నవాళ్ళు కుచ్చిళ్ళు పట్టుకుని ఎక్కాలి.

నన్నడిగితే ప్రాగ్‌లో ఒక్కటే చూడాలంటే పింకాస్ ప్రార్థనాలయం చూడమంటాను. నాజీలు చంపేసిన బొహీమియా, మొరేవియా అనే చెక్ ప్రాంతాల యూదులు దాదాపు 80 వేల మంది పేర్లు గోడల మీద చేత్తో రాసి ఉన్నాయి. ముందు ఊరి పేరు, తర్వాత ఎర్రగా ఇంటిపేరు, పక్కన మనుషుల పేర్లు, పుట్టిన తేదీ, చివరి తేదీ. మనలాగే ఇంటిపేరు ముందు. దూరం నుంచి బూడిదరంగు గోడలా కనిపిస్తుంది, దగ్గరికెళ్తే అంతా మనుషులే. నాన్న ఒక ఇంటిపేరు దగ్గర ఆగిపోయారు: నలుగురు, నలుగురికీ చివరి తేదీ ఒకటే. పై అంతస్తులో, నాజీలు యూదుల్ని బంధించిన టెరెజీన్ శిబిరంలో పిల్లలు వేసిన బొమ్మలున్నాయి. అమ్మ మెట్లెక్కను అన్నది, మళ్ళీ తనే నా చెయ్యి పట్టుకుని ఎక్కింది. శనివారం మూసేస్తారు, అందుకే శుక్రవారం పెట్టుకున్నాం. మగవాళ్ళు తల కప్పుకోవాలి.

భోజనం సంగతి. శాకాహారులకి కొంచెం కష్టమే, సూపుల్లో కూడా మాంసం నీళ్ళు ఉంటాయి, "బెజ్ మసా" అని అడగండి, మాంసం లేకుండా అని అర్థం. అమ్మకి వేయించిన చీజ్ ముక్క, బంగాళాదుంప వేపుళ్ళు చెప్పాం. పక్కనిచ్చే తెల్ల సాస్‌లో గుడ్డుంటుంది, అది పక్కన పెట్టేసి బ్యాగులోంచి ఆవకాయ తీసింది, అప్పుడు తిన్నది. గులాష్, స్వీచ్‌కోవా రెండూ మామూలుగా గొడ్డుమాంసంతో చేస్తారు, వద్దనుకుంటే బాతు చెప్పుకోండి. నాన్న ఎర్ర క్యాబేజీతో బాతు తిన్నారు, బాగా నచ్చింది. చివర్లో తెప్పించిన పండ్ల క్నెడ్లీకీ మాత్రం అద్భుతం: మెత్తటి పిండి ఉండ లోపల నేరేడు రంగు ప్లమ్ పండు, పైన కరిగిన వెన్న, పంచదార. కోస్తే వేడి రసం బయటికొచ్చింది. పూర్ణంబూరెలా ఉందని అమ్మ రెండు తిన్నది. వీధుల్లో పొగలు కక్కుతూ అమ్మే ట్రడెల్నిక్ అనే చుట్టిన తీపి రొట్టె ఇక్కడి పాత వంటకం కాదు, టూరిస్టుల కోసం వచ్చింది, రేటు కూడా ఎక్కువే. మాకు నచ్చలేదు.

ఖగోళ గడియారం 1410 నాటిది. గంట కొట్టినప్పుడు బొమ్మలు తిరిగేది నిమిషంలోపే, దానికోసం తోసుకుంటూ నిలబడొద్దు, జేబుదొంగలుంటారు. మధ్యలో ఎప్పుడైనా వెళ్ళి తీరిగ్గా చూడండి. సూర్యుడు ఏ రాశిలో ఉన్నాడో అది చూపిస్తుంది. కింది పలకలో రాశుల బొమ్మలుంటే, రోజూ పంచాంగం చూసే అమ్మ "ఏవండీ, అదిగో వృశ్చికం, అదిగో మీనం" అంటూ నాన్నకి వరసగా చూపించింది. రోజంతట్లో తను అంత సంబరపడింది అక్కడే.

డబ్బు మార్చుకునేటప్పుడు జాగ్రత్త. ఇక్కడ యూరో కాదు, కొరునా. కమీషన్ లేదని బోర్డు పెట్టి రేటులో కోసేస్తారు. మోసపోయామనిపిస్తే మూడు గంటల్లోపు రసీదుతో వెళ్ళి రద్దు చేసుకునే హక్కుంది. ఏటీఎంలో "మీ కరెన్సీలో లెక్క కట్టమంటారా" అని అడిగితే వద్దనండి, నేను కంగారులో ఒప్పుకుని బాగానే పోగొట్టుకున్నాను.

రాత్రి తిరుగు రైల్లో జర్మన్ పోలీసులు పాస్‌పోర్టులు అడిగారు, వీసా కాగితాలు కూడా వెంట ఉంచుకోండి. వాళ్ళు వెళ్ళాక నాన్న "ఆ గోడ మీద పేర్లన్నీ ఎవరు రాశార్రా?" అన్నారు. 1950ల్లో ఒకసారి రాశారనీ, పాడైపోతే 90ల్లో మళ్ళీ మొత్తం రాశారనీ చెప్పాను. "మొత్తమా?" అని, కిటికీ వైపు తిరిగి కూర్చున్నారు.