నాసిక్‌లో వైన్ డిన్నర్: తలకు ₹2,400 కట్టి ద్రాక్షరసం తాగొచ్చాం

నాసిక్ వెళ్దామనుకునేవాళ్లకి ముందే ఒక మాట. "వైన్‌యార్డ్ వ్యూ" (కిటికీలోంచి ద్రాక్షతోట కనపడుతుంది) అని రాసి ఉన్న గదికి అదనంగా ఒక్క రూపాయి కూడా కట్టకండి. మేం కట్టాం. గది అద్దె రాత్రికి ₹8,500, ఆ వ్యూ కోసం మరో ₹1,500. గంగాపూర్ డ్యామ్ దగ్గర ఒక పల్లెలో ఉన్న ఫార్మ్‌స్టే (తోటల మధ్య బస) అది. పేరు రాయను, ఎందుకంటే ఫిర్యాదు ఇంకా నడుస్తోంది.

అసలు ఈ ప్లాన్ మా మరిదిది. బెంగళూరులో ఉద్యోగంలో చేరాక వైన్ మీద మోజు పెరిగింది. రిపబ్లిక్ డే లాంగ్ వీకెండ్ వస్తోంది, నాసిక్ పోదాం అన్నాడు. అత్తయ్యని ఇంట్లో ఒక్కదాన్నే వదలలేం కాబట్టి "త్రయంబకేశ్వరం, షిరిడీ కూడా ఉన్నాయమ్మా" అని ఆమెని ఒప్పించాడు. ఆమె వెంటనే ఒప్పుకుని, పైగా "వైన్ సంగతి నాకు తెలీదనుకుంటున్నావా" అనేసరికి వాడికి నోట మాట రాలేదు.

సికింద్రాబాద్ నుంచి దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. షిరిడీ వైపు కాకుండా నేరుగా నాసిక్ వెళ్లాలంటే మనవాళ్లకి అనువైన బండి ఇదే. మన్మాడ్ మీదుగా వెళ్లి నాసిక్ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. కాకపోతే దిగేది తెల్లవారకముందే. జనవరిలో ఆ వేళకి అక్కడ చలి మామూలుగా ఉండదు, స్వెట్టర్ సూట్‌కేసులో కాదు, చేతిలో పెట్టుకోండి. ఫార్మ్‌స్టే వాళ్లు పంపిన కారుకి ₹1,400. స్టేషన్ నుంచి ఊరు దాటి అవతలి పక్కకి వెళ్లాలి. దారి పొడవునా రోడ్లు తవ్వి పెట్టారు, 2027 కుంభమేళా పనులట.

ఇంతకీ ఆ వ్యూ. గదిలోకి వెళ్లి ఎంతో ఆశగా తెర తీస్తే, పందిరి కింద వేలాడుతున్న గుత్తులన్నిటికీ మరాఠీ దినపత్రికలు చుట్టి ఉన్నాయి. పచ్చని పందిరి కింద ఎటు చూసినా న్యూస్‌పేపరే. అడిగితే పనివాడు చెప్పాడు, ఎండ తగిలి కాయ రంగు మారకుండా అలా చుడతారని. అంటే అవి మనం బండి మీద కిలో లెక్కన కొనుక్కునే గింజల్లేని ద్రాక్ష. వైన్‌కి వేసే రకాలు వేరు. చిన్న కాయ, మందం తొక్క, లోపల గింజలు. పైగా ఆ తోట ఫార్మ్‌స్టే వాళ్లది కూడా కాదు, పక్కింటాయనది. కంచెకి "ముట్టుకోవద్దు" అని మరాఠీలో బోర్డు. తెల్లవారుజామున ఐదు గంటలకి ఆ పక్కింటాయన ట్రాక్టర్ వెనక పెద్ద ఫ్యాన్ లాంటిది తగిలించుకుని మందు కొట్టడం మొదలుపెట్టాడు. ఆ చప్పుడుకి నిద్ర చెడింది, ఆ వాసనకి అత్తయ్య దగ్గు మొదలైంది. కిటికీలన్నీ మూసి, తెర దించేసి కూర్చున్నాం. ₹1,500 వ్యూ ఉన్న గదిలో. పాపం ఆ రైతునేం అనలేం, ఆయన పంట ఆయనది. నా కోపమంతా ఆ వెబ్‌సైట్‌లో ఫొటోలు పెట్టినవాడి మీదే.

నాసిక్ అంటే చిన్న ఊరు, నడిచి వెళ్తే వైనరీలు అనుకుంటారు చాలామంది. నాసిక్ పెద్ద నగరం. వైనరీలు గోవర్ధన్, దిండోరి, ఇగత్‌పురి వైపు పల్లెల్లో విసిరేసినట్టు ఉంటాయి. వెళ్లేటప్పుడు ఓలా, ఊబర్ దొరుకుతాయి, తిరుగు ప్రయాణానికి గేటు దగ్గర నిలబడి ఫోన్ చూసుకోవడమే. కాబట్టి రోజుకి కారు మాట్లాడుకోండి. మాకు ₹2,800 పడింది, డ్రైవర్ భోజనం అదనం. తాగాక బండి నడిపే టెన్షన్ కూడా ఉండదు.

అందరికీ తెలిసిన సూలా వైనరీకి వెళ్లాం. ఇవాళ నాసిక్‌ని వైన్ ఊరంటున్నారంటే ఎక్కువ పేరు ఆ కంపెనీదే. అమెరికాలో ఉద్యోగం వదిలి వచ్చిన రాజీవ్ సామంత్ తొంభైల్లో ఇక్కడ సొంత భూమిలో వైన్ ద్రాక్ష నాటించాడు, 2000లో మొదటి సీసాలు బయటికి వచ్చాయి. బాల్కనీలోంచి డ్యామ్ నీళ్లు, సాయంత్రం ఎండ, అన్నీ బావున్నాయి. ఫొటోలు కావాలంటే అక్కడికే వెళ్లండి. వీకెండ్‌లో ముంబయి, పుణె జనమంతా అక్కడే ఉంటారు కాబట్టి వీలైతే మంగళవారమో బుధవారమో పెట్టుకోండి.

నాకు నచ్చింది మాత్రం దిండోరి వైపు ఒక చిన్న వైనరీ. ఐదు రకాల రుచికి ₹500. మనిషికో గ్లాసు, ఒక్కో రకం రెండు గుక్కలు. మా ఆయన అన్నిటికీ "బావుంది" అన్నారు, మరిది అన్నిటికీ ఏదో ఒక పండు పేరు చెప్పాడు. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్ కొంచెం తియ్యగా, తేలిగ్గా గొంతు దిగింది. ఇంకో తెల్లది, సావిన్యాన్ బ్లాంక్, వాసన చూస్తే అచ్చం పచ్చి క్యాప్సికమ్. ఎర్రటిది, షిరాజ్, నాకు వగరనిపించింది, మరిది మాత్రం రెండోసారి పోయించుకున్నాడు.

అత్తయ్య తాగలేదు. ఆవిడ కోసం విడిగా ఒక కుర్చీ వేశారు, కానీ అందులో కూర్చోలేదు. వెనక షెడ్డులో క్రేట్లు దించుతుంటే అటు నడిచారు. జనవరి చివరికి కోతలు మొదలవుతాయి, తెల్ల వైన్ రకాలు ముందు వస్తాయి. అక్కడున్న కుర్రాడు తోటలోంచి నమూనాకి తెచ్చిన నల్లద్రాక్ష పండు ఒకటి అత్తయ్య అరచేతిలో పెట్టి నలపమన్నాడు. రసం తెల్లగానే వచ్చింది. రంగంతా తొక్కలోదేనట. తొక్కతో కలిపి పులియబెడితే ఎర్రటిది, ముందే రసం పిండేసి పులియబెడితే తెల్లటిది. తర్వాత పెన్నంత గొట్టం ఒకటి ఇచ్చాడు. దాని మీది గాజుపై ఒక చుక్క వేసి, మూత వేసి, వెలుతురు వైపు పెట్టి చూస్తే నీలం, తెలుపు కలిసే చోట ఒక గీత, పక్కన అంకెలు. చక్కెర ఎంత ఉందో చెబుతుంది. గీత పంతొమ్మిది దగ్గరుంది. "ఇంకా కొయ్యరా?" అని అడిగారు అత్తయ్య. ఇంకో రెండు మూడు అంకెలు పెరగాలన్నాడు. "మరి వానొస్తే?" అంది. ఆ కుర్రాడు నవ్వి, "అదే మా భయం అమ్మా" అన్నాడు హిందీలో. అంతసేపూ మరిది పక్కనే నిలబడి నోరు మెదపలేదు.

ఆ కుర్రాడి దగ్గరే ఇంకో సంగతి తెలిసింది. చలిదేశాల్లో తీగ శీతాకాలమంతా నిద్రపోతుంది కాబట్టి ఏడాదికోసారి కత్తిరిస్తారు. ఇక్కడ తీగ నిద్రపోదు. అందుకని ఏప్రిల్‌లో ఒకసారి, సెప్టెంబర్, అక్టోబర్‌లలో ఒకసారి కొమ్మలు కత్తిరిస్తారు, కోత మాత్రం ఒక్కటే. అందుకే తోట చూడాలంటే సంక్రాంతి నుంచి మార్చి మధ్య వరకే రండి. మే నెలలో వస్తే ఎండ తప్ప ఏమీ లేదు. వానాకాలంలో కొండలు బ్రహ్మాండంగా ఉంటాయి కానీ గుత్తి కనపడదు.

త్రయంబకేశ్వరం నాసిక్ నుంచి ముప్పై కిలోమీటర్లు కూడా లేదు. ₹200 టికెట్ తీసుకున్నా రెండున్నర గంటలు పట్టింది. లోపల లింగాన్ని పైనున్న అద్దంలో చూసుకోవాలి, వెనకవాళ్లు తోస్తుంటారు కాబట్టి ముందే తల ఎత్తి పెట్టుకోండి. బయట తెలుగులోనే పిలిచి "కాలసర్ప దోషమా అమ్మా" అని అడుగుతారు, ఆగారంటే అయిపోయారు. అత్తయ్యది ధవళేశ్వరం. బ్రహ్మగిరి మీద పుట్టిన గోదావరిని నాసిక్ రామ్‌కుండ్ స్నానఘట్టం దగ్గర చూసి, "ఇదేంటే అమ్మాయ్, మా లాకుల దగ్గరి పంట కాలువంత లేదు" అంది. కాసేపయ్యాక కిందకి దిగి నీళ్లు నెత్తిన చల్లుకుంది. గురుడు సింహరాశిలోకి వచ్చినప్పుడే మనకి గోదావరి పుష్కరాలు, వీళ్లకి కుంభమేళా. 2027లో వచ్చేవాళ్లు గదుల సంగతి ఇప్పుడే చూసుకోండి.

ఇక అసలు కథ. ఫార్మ్‌స్టే ప్యాకేజీలో "సన్‌సెట్ వైన్ డిన్నర్" అని ఒకటుంది. మనిషికి ₹2,400. అత్తయ్యని మినహాయించి ముగ్గురికి ₹7,200 బుకింగ్‌లోనే కట్టించుకున్నారు. ఏ రోజు పెట్టాలో నిర్ణయించింది కూడా వాళ్లే: సోమవారం, జనవరి 26. సాయంత్రం ఆరింటికి తయారై వెళ్తే బల్ల మీద దీపాలు, తెల్ల గుడ్డ, పొడవాటి గ్లాసులు. గ్లాసుల్లో ద్రాక్షరసం. "ఇవాళ డ్రై డే కదా మేడమ్" అన్నాడు మేనేజర్, ఏదో కొత్త విషయం చెప్పినట్టు. అంటే రిపబ్లిక్ డే నాడు మందు పోయకూడదని.

రిపబ్లిక్ డే ఏ తేదీన వస్తుందో మాకంటే నీకే కదా బాగా తెలియాలి, మందు పోసే వ్యాపారం నీది అని మా ఆయన అడిగారు. ఆయన గొంతు పెంచడం నేను పెళ్లయ్యాక చాలా తక్కువసార్లు విన్నాను. మేనేజర్ జవాబు: మెనూలో "వైన్ లేదా తత్సమానమైన పానీయం" అని ఉందట. ఫోన్ తీసి చూస్తే నిజంగానే ఉంది, చివరి లైనులో, చీమ తలకాయంత అక్షరాల్లో. తినడానికి పనీర్ టిక్కా, జీరా రైస్, చల్లారిన దాల్, రెండేసి గులాబ్ జామూన్లు. మరిది గ్లాసు ముట్టుకోలేదు. అత్తయ్య మాత్రం తన వంతు కాకపోయినా ఒక గ్లాసు తీసుకుని తాగి, "చక్కెర కలిపారు" అని తేల్చేసింది.

రిఫండ్ అడిగితే "నాన్ రిఫండబుల్". తెల్లారి లెక్క చూసుకునే దగ్గర అరగంట వాదించాం. ఉచితంగా మసాజ్ ఇస్తానన్నాడు, ఎండుద్రాక్ష డబ్బా ఇస్తానన్నాడు. చివరికి బుకింగ్ యాప్‌లో ఫిర్యాదు పెట్టి, ఫొటోలు, రసీదు జత చేస్తే ₹3,600 వెనక్కి వచ్చింది. మిగతా సగం కోసం ఇంకా రాస్తూనే ఉన్నాను. ఇలాంటి ఫార్మ్‌స్టేలలో దిగేవాళ్లు రెండు పనులు చేయండి. ఒకటి, గది కిటికీలోంచి ఇవాళ కనపడేదాన్ని వాట్సాప్ వీడియో కాల్‌లో చూపించమనండి. సాకులు చెబితే వదిలేయండి. రెండు, భోజనం డబ్బు ముందుగా కట్టకండి. అసలైతే నాసిక్‌లో గంగాపూర్ రోడ్డు మీద మామూలు హోటల్ తీసుకుంటే ₹3,500 లోపు శుభ్రమైన గది వస్తుంది, వైనరీలకి కారులో అరగంట.

ఆ సోమవారం పొద్దున తిన్న టిఫిన్ మాత్రం ఇప్పటికీ గుర్తొస్తోంది. ఊరి బయట చెట్ల కింద బల్లలేసి మిసల్ పావ్ పెట్టే చోటు. ప్లేటు ₹140. మొలకల ఉసల్ (కూర) మీద ఫర్సాన్ (కారం మిక్చర్), పక్కన ఉల్లిపాయ, నిమ్మకాయ, అప్పడం, పెరుగు, రెండు పావ్‌లు. నల్ల మసాలా వేసిన రస్సా (పల్చటి పులుసు) బకెట్‌తో తిరుగుతూ అడిగినంత పోస్తారు. గుంటూరు కారానికి అలవాటుపడ్డ నాలిక కూడా ఒక్క క్షణం ఆగింది, ఘాటు లవంగం, ఎండుకొబ్బరి వైపు ఉంటుంది. మా ఆయన మూడోసారి రస్సా పోయించుకున్నారు. నలుగురికీ టీతో కలిపి ₹640. రాత్రి ₹7,200 డిన్నర్ పక్కన పెట్టి చూడండి.

షిరిడీ దర్శనం గంటన్నరలో అయిపోయింది, దగ్గర్లోని నాగర్‌సోల్ స్టేషన్‌లో బండెక్కాం.

సీసాలు తెచ్చుకోవచ్చా అని నన్ను ఇప్పటికే నలుగురు అడిగారు. వేరే రాష్ట్రం మద్యం పర్మిట్ లేకుండా తెలంగాణలోకి తేవడం నేరం. గోవా రైళ్లలో సీసాలు పట్టుకున్న వార్తలు చదువుతూనే ఉంటాం. మరిది కొన్న రెండు షిరాజ్ సీసాల్లో ఒకటి అక్కడే ఖాళీ అయింది, రెండోది మమ్మల్ని స్టేషన్‌లో దింపిన డ్రైవర్‌కి ఇచ్చేశాడు. ఆ డ్రైవర్ సీసా తిప్పి చూసి, "మా చెల్లి పెళ్లికి వాడతాం సార్" అన్నాడు. కారు రేటులో మాత్రం పైసా తగ్గించలేదు.