పాత చర్చికి ఫ్లడ్‌లైట్లా, పట్టీ వెనక దాచే లైట్లా?

బరంపురంలో మా పాత చర్చికి లైట్లు మార్చాలనగానే ఎలక్ట్రీషియన్ అన్నాడు: "నాలుగు ఫ్లడ్‌లైట్లు కొట్టేద్దాం సార్." చవక, ఒక్కరోజు పని. 6500 కెల్విన్ (వెలుగు రంగును కొలిచే లెక్క) తెల్ల లైటు వెలిగించి చూశాం. సున్నం గోడలు ఆసుపత్రి గోడల్లా తేలిపోయాయి. మేరీమాత పైట బంగారు అంచు బూడిదలా కనిపించింది. మోకరించిన వాళ్ల కళ్లల్లోకి నేరుగా కొట్టింది. తొలకరికి ఉసుళ్ల సంగతి చెప్పక్కర్లేదు!

రెండోది, గోడ పైభాగంలో ముందుకు పొడుచుకొచ్చిన పట్టీ (కార్నిస్) వెనక దాచే ఎల్‌ఈడీలు. 2700 కెల్విన్, అంటే పాత బల్బు పసుపు. లైటు కనపడదు, వెలుగు మాత్రం ఆర్చీల మీదుగా పైకప్పుకు పాకి మెత్తగా కిందికి దిగుతుంది. నా ఓటు దీనికే. రంగులు సరిగ్గా తెలియాలంటే సీఆర్‌ఐ (రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే, వందకు వేసే మార్కు) 90కి తగ్గనివి అడగండి. ఖర్చు ఎక్కువే, ఎల్‌ఈడీకి కరెంటు సరిపెట్టి ఇచ్చే డ్రైవర్ అనే పెట్టె పాడైతే నిచ్చెన ఎక్కాలి. పాత సున్నం పూతకు డ్రిల్లు తగలనివ్వొద్దు. లైట్లు పట్టీ మీదే కూర్చోబెట్టి, వైరు దాని వెనకే లాగించండి.

ఒక చిక్కుంది. గోడకు మరీ ఆనిస్తే ప్రతి అతుకూ, పగులూ నీడతో సహా బయటపడతాయి. కాస్త ఎడంగా జరపాలి. పాటల పుస్తకం చదువుకోడానికి ఈ వెలుగొక్కటే చాలదు, బెంచీల పైన డిమ్మర్‌తో (వెలుగు పెంచి తగ్గించే స్విచ్చు) చిన్న లైట్లు విడిగా పెట్టించాలి.