షార్ట్ సిగ్నల్ ఇండికేటర్ కొనేముందు ఆ బాణాలు నిలుస్తాయో లేదో చూసుకోండి

షార్ట్ సెల్లింగ్‌కి (షేరు ముందు అమ్మేసి, ధర పడ్డాక కొని లాభం తీసుకోవడానికి) పక్కా టాప్, అంటే ధర కిందికి తిరిగే శిఖరం, చూపిస్తుందని టెలిగ్రామ్‌లో అమ్ముతున్న ఒక ఇండికేటర్‌కి (చార్టు మీద సిగ్నల్ గీసే టూల్) ఏడాదికి 12,000 కట్టాను. అలాంటిదే కొనబోతున్నవాళ్లు దయచేసి ఒక్క రోజు ఆగండి.

అమ్మేటప్పుడు చూపించే పాత చార్టులో ప్రతి టాప్ మీదా ఎర్ర బాణం ఉంటుంది, అక్కణ్ణుంచి షేరు జారిపోతూ ఉంటుంది. చూస్తే ఎవరికైనా నమ్మబుద్ధేస్తుంది. లైవ్‌లో కథ వేరు. 15 నిమిషాల చార్టులో (ప్రతి పావుగంట ధర ఒక్కో క్యాండిల్‌గా పడుతుంది) పదింబావుకి బాణం పడింది. షేరు పడకపోగా ఇంకా పెరిగింది. పదకొండున్నరకి చూస్తే ఆ బాణం లేదు, కొత్త హై కొట్టిన క్యాండిల్ మీద ఉంది! సాయంత్రానికి పొద్దుటి తప్పుడు సిగ్నల్ ఆనవాలే లేదు. రెండు స్క్రీన్‌షాట్లూ పక్కపక్కన పెట్టి అడ్మిన్‌కి పంపితే "ఓపిక ఉండాలి సార్" అన్నాడు. డబ్బు వెనక్కి ఇమ్మంటే గ్రూపులోంచి తీసేశాడు.

దీన్నే రీపెయింటింగ్ అంటారు. తర్వాతి క్యాండిల్స్ కిందికి దిగితేగానీ అది టాపో కాదో తేలదు. కుడివైపు ఐదు క్యాండిల్స్ చూసి ఖాయం చేసే ఇండికేటర్, 15 నిమిషాల చార్టులో గంటంబావు ఆలస్యంగానే చెప్పగలదు. ఆ ఆలస్యంలో తప్పేం లేదు. గంటంబావు తర్వాత తెలిసిన సంగతిని వెనక్కి తీసుకెళ్లి టాప్ మీద గీసి, అక్కడే అమ్మమన్నాం అని చూపించడం మోసం.

ఇంకో ప్రమాదం ఉంది. ఎఫ్ అండ్ ఓలో (ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో) లేని చిన్న షేర్లు కూడా, ఆర్‌ఎస్‌ఐ (షేరు ఎంత జోరుగా పెరిగిందో 0 నుంచి 100లో చూపే కొలత) 70 దాటిందంటే చాలు, షార్ట్ చేయమంటారు. గట్టిగా పెరుగుతున్న షేరులో ఆర్‌ఎస్‌ఐ రోజుల తరబడి 70 పైనే ఉండొచ్చు. ఈలోగా అప్పర్ సర్క్యూట్ (ఆ రోజుకి ధర పెరగగల హద్దు) పడి లాక్ అయితే అమ్మేవాళ్లే ఉండరు. స్టాప్‌లాస్ (నష్టం హద్దు దాటితే కొనేసే ఆర్డర్) పెట్టుకున్నా కొనలేం, బ్రోకరూ మన బదులు కొని స్క్వేర్ ఆఫ్ చేయలేడు. అమ్మిన షేర్లు ఇవ్వలేకపోయాం కాబట్టి షార్ట్ డెలివరీ కింద ఆక్షన్‌కి, అంటే ఎక్స్ఛేంజ్ వేలానికి పోతుంది. అక్కడ రేటు ఎంత పలికినా ఆ తేడా, దానిమీద పెనాల్టీ మన ఖాతాలోంచే పోతాయి. గ్రూపులో ఈ ముక్క ఒక్కరూ చెప్పలేదు. 2022-23లో క్యాష్ సెగ్మెంట్‌లో (నేరుగా షేర్లలో) ఇంట్రాడే, అంటే ఒకే రోజులో కొనడం అమ్మడం, చేసినవాళ్లలో పదిమందికి ఏడుగురు నష్టపోయారని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీయే లెక్క తేల్చింది. అలాంటి చోట కొత్తవాళ్లకి ఇలాంటి కాల్స్ ఇవ్వడం దారుణం.

కొనే ముందు రెండు మూడు రోజులు ట్రయల్ అడగండి. మార్కెట్ నడుస్తుండగా బాణం పడగానే ఫోటో తీసి, సాయంత్రం చార్టుతో పోల్చండి. రీప్లేలో (పాత చార్టుని మళ్లీ నడిపి) చూపిస్తామంటే సరిపెట్టుకోకండి, లైవ్‌లో క్యాండిల్ ముగియకముందే వచ్చి పోయే బాణాలు రీప్లేలో కనపడవు. కాల్స్ ఇచ్చేవాళ్లని సెబీ రీసెర్చ్ అనలిస్ట్ నంబర్ అడగండి, అది ఐఎన్‌హెచ్ అక్షరాలతో మొదలవుతుంది. సెబీ వెబ్‌సైట్‌లో ఆ పేరుందో లేదో మీరే వెతకండి. డబ్బు ఎవరిదో సొంత యూపీఐకి పంపమన్నారంటే అక్కడే ఆగిపోండి.

ఇప్పటికే కట్టినవాళ్లు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇవ్వండి, నేనూ ఇచ్చాను. అడ్మిన్‌తో గొడవ పడకముందే పేమెంట్ రసీదు, చాట్, బాణాల స్క్రీన్‌షాట్లు దాచుకోండి. ప్రైవేట్ గ్రూపులోంచి తీసేశాక పాత మెసేజ్‌లు మళ్లీ కనపడవు.