‘గ్రీన్ బిల్డింగ్’లో ఆఫీస్ కొంటున్నారా? ముందు ఫైనల్ సర్టిఫికెట్ చూపించమనండి

హైదరాబాద్‌లో ఆఫీస్ స్పేస్ చూస్తున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి.

మూడేళ్ల కిందట మా చిన్న ఆడిట్ ఆఫీస్ కోసం 1,400 ఎస్‌ఎఫ్‌టీ కొన్నాం. బ్రోచర్ నిండా ‘ప్లాటినం’ అన్న మాటే, అంటే గ్రీన్ బిల్డింగ్ రేటింగ్‌లో అన్నిటికన్నా పై మెట్టు. కరెంటు, నీళ్ల ఖర్చు తగ్గుతాయని చెప్పి రేటు ఎక్కువ వేశారు. హైటెక్ సిటీ దగ్గర 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన సీఐఐ (పరిశ్రమల సమాఖ్య) గ్రీన్ బిజినెస్ సెంటర్ నేను చూశాను. జాలీ గోడలు, పైకప్పు మీద పచ్చిక, వాడిన నీళ్లను మొక్కల వేళ్ల గుండా పారించి శుభ్రం చేసే ఏర్పాటు... ఇదీ అలాగే ఉంటుందని నమ్మాను.

మాది పడమటి వైపు, నిలువునా అద్దాలే. ఎండాకాలం మధ్యాహ్నం మూడు దాటితే అద్దం మీద చెయ్యి ఆనించలేం. బ్లైండ్స్ దించి పట్టపగలే లైట్లు వేసుకుంటాం, ఏసీ ఆగదు. కిటికీ ఒక్కటీ తెరుచుకోదు. కరెంటు పోతే టెన్షనే.

టాయిలెట్ ఫ్లష్‌లకు శుద్ధి చేసిన నీళ్లే వస్తాయన్నారు. మరి రోజూ పొద్దున్నే ట్యాంకర్లు ఎందుకొస్తున్నాయని బేస్‌మెంట్‌లోకి దిగి చూశాను. ఎస్‌టీపీ (మురుగునీటిని శుద్ధి చేసే ప్లాంట్) మోటార్లు ఆగి ఉన్నాయి. ప్యానెల్ మీద వేలితో గీస్తే దుమ్ములో గీత పడింది. ఆ ట్యాంకర్ల ఖర్చు మా మెయింటెనెన్స్‌లోనే కలుపుతున్నారు.

అసలు సంగతి బిల్డర్‌ను సర్టిఫికెట్ అడిగినప్పుడు బయటపడింది. వాళ్ల దగ్గరున్నది ప్రీ-సర్టిఫికేషన్, అంటే డిజైన్ చూసి ఇచ్చేది. కట్టడం పూర్తయ్యాక రుజువులు పెట్టి ఫైనల్ రేటింగ్ తెచ్చుకోవాలి. మా బిల్డర్ దానికి అప్లై కూడా చేయలేదు! మూడేళ్లు ఆ కాగితం అడగకపోవడం నా తప్పే, మీరు మాత్రం మొదటి రోజే అడగండి.

అద్దం ఎస్‌హెచ్‌జీసీ (ఎండ వేడిలో ఎంత భాగం లోపలికి వదులుతుందో చెప్పే అంకె) ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. ఆ అంకె ఎంత తక్కువైతే ఎండ వేడి అంత తక్కువ లోపలికొస్తుంది. ఉదయం పూట కాకుండా మధ్యాహ్నం వెళ్లి అక్కడే ఓ గంట కూర్చోండి. ఇప్పటికే జనం ఉన్న బిల్డింగ్ అయితే ఎస్‌టీపీ లాగ్‌బుక్, ట్యాంకర్ల బిల్లులు చూడండి. ఇచ్చిన హామీలన్నీ అగ్రిమెంట్‌లో రాయించుకోండి.

కొన్నవాళ్లం పదకొండు మందిమి కలిసి బిల్డర్‌కు లెటర్ ఇచ్చాం, ఇంతవరకూ జవాబు లేదు. ఇక రెరాకు, అంటే రియల్ ఎస్టేట్ చట్టం కింద ఫిర్యాదులు వినే సంస్థకు, వెళ్తున్నాం. బ్రోచర్‌లో రాసిన తప్పుడు మాటలు నమ్మి నష్టపోతే పరిహారం అడగొచ్చని ఆ చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. మా పదకొండు మందిలో పాత బ్రోచర్ దాచుకున్నది ఇద్దరే. మీకిచ్చింది పారేయకండి.