పాత కారులో బ్లూటూత్ కాల్స్: కొన్నేళ్లు వాడాక నా మాట

మా వ్యాగన్ ఆర్ 2009 మోడల్. అందులో ఉన్నది బయట షాపులో బిగించిన స్టీరియో. ఎఫ్‌ఎం, సీడీ, ముందువైపు ఆక్స్ జాక్ (బయటి పరికరం శబ్దాన్ని వైరుతో స్టీరియోకి ఇచ్చే రంధ్రం) ఉన్నాయి, బ్లూటూత్ లేదు. పని మీద తిరుపతి, చిత్తూరు మధ్య తరచూ తిరుగుతాను కాబట్టి ఫోన్ చేత్తో పట్టుకోకుండా మాట్లాడే ఏర్పాటు నాకు తప్పదు. రెండు రకాల పరికరాలు వాడి చూశాక గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే, ఆక్స్ జాక్ ఉన్న బండికి ఎఫ్‌ఎం ట్రాన్స్‌మిటర్ వద్దు.

మొదట వాడింది అదే, సిగరెట్ లైటర్ సాకెట్‌లో గుచ్చే రకం. ఫోన్ నుంచి బ్లూటూత్‌లో వచ్చిన శబ్దాన్ని 87.5 నుంచి 108 మెగాహెర్ట్జ్ మధ్య మనం పెట్టిన ఫ్రీక్వెన్సీలో వదులుతుంది. స్టీరియోలో అదే నంబరు పెడితే వినిపిస్తుంది. ఊళ్లో బాగానే ఉంటుంది. తిరుపతిలో ఖాళీగా ఉన్న నంబరు పుత్తూరు, నగరి వైపు వెళ్లేసరికి ఖాళీగా ఉండదు. ఎఫ్‌ఎం రేడియో గుణమే అంత, రెండు సిగ్నళ్లు ఉంటే బలమైనదాన్నే పట్టుకుంటుంది. ఆఫీసు కాల్ మధ్యలో తమిళ పాట వచ్చి పడేది. నడుస్తున్న బండిలో నంబర్లు మార్చుకోవడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

అంతకంటే పెద్ద లోపం మైకుది. సాకెట్ ఉండేది కింద, గేర్ రాడ్ దగ్గర. మైకూ అక్కడే. ఏసీ బ్లోయర్ కాస్త పెంచినా, అద్దం సగం దించినా నా గొంతు అవతలికి చేరేది కాదు. "గాలి హోరు తప్ప నీ మాటే ఇనపడలేదు నాయనా" అనేది మా అమ్మ.

తర్వాత ఆక్స్‌కి తగిలించే బ్లూటూత్ రిసీవర్‌కి మారాను. కొన్నింటిలో పాటలు మాత్రమే వస్తాయి, మైకు ఉండదు. అది చూసుకుని కొనాలి. నాది వైరుతో విడిగా మైకు ఇచ్చే రకం. ఆ వైరును డ్రైవర్ తలుపు పక్క రబ్బరు బీడింగ్ లోపలికి వేలితో నొక్కుకుంటూ పైకి తీసుకెళ్లి, సన్‌వైజర్ అంచుకి మైకు క్లిప్ పెట్టాను. నోటికి రెండు జానల దూరం, గాలి నేరుగా తగలదు. చంద్రగిరి దాటాక లారీల పక్కన వెళ్తున్నా అవతలివాళ్లు మళ్లీ చెప్పమనడం దాదాపు పోయింది. అమ్మ ఇప్పుడు ఇంట్లో కూర్చుని మాట్లాడినట్టే ఉందంటుంది.

ఇక కరెంటు సంగతి. రిసీవర్‌కి సాకెట్ నుంచి కరెంటు ఇస్తే స్పీకర్లలో సన్నటి కూత మొదలవుతుంది. యాక్సిలరేటర్ తొక్కేకొద్దీ కూత పెరుగుతుంది. రిసీవర్, స్టీరియో రెండూ కారు బాడీకి వేర్వేరు చోట్ల ఎర్త్ అయి ఉంటే, ఇంజన్‌తో పాటు తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ రొద ఆక్స్ వైరు గుండా లోపలికి వస్తుంది. లోపల బ్యాటరీ ఉన్న రిసీవర్‌ను చార్జింగ్ తీసేసి వాడితే కూత ఉండదు. కానీ మే నెల తిరుపతి ఎండలో డాష్‌బోర్డు మీద ఆ బ్యాటరీ ఎంతకాలం బతుకుతుంది? నా మొదటి రిసీవర్ రెండో వేసవికే ఉబ్బిపోయింది. అందుకే ఇప్పుడు బ్యాటరీ లేని రకమే వాడుతున్నాను, ఆక్స్ వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టి. అందులో చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు ఉంటాయి, శబ్దం దాటుతుంది కానీ ఎర్త్ కలవదు. కూత పూర్తిగా పోయింది. పాటల్లో బేస్ కొంచెం తగ్గింది, మాటలకు ఏ తేడా లేదు.

ఇబ్బంది ఒక్కటే మిగిలింది. సెల్ఫ్ కొట్టినప్పుడు సాకెట్‌కి కరెంటు ఆగి, ఫోన్ మళ్లీ కనెక్ట్ కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది.

2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ కింద ఫోన్ చేత పట్టుకుని నడిపి మొదటిసారి దొరికితే జరిమానా 1,000 నుంచి 5,000 రూపాయల దాకా ఉంది, జైలు కూడా పడొచ్చు. హ్యాండ్స్‌ఫ్రీ ఉన్నా తిరుమల ఘాట్ రోడ్డులో నేను కాల్ ఎత్తను. ఆ మలుపుల్లో ధ్యాసంతా స్టీరింగ్ మీదే ఉండాలి.

ఆక్స్ లేని బండికి స్టీరియో మార్చడమే మేలు. బయటి మైకు పెట్టుకునే జాక్ ఉన్నది తీసుకోండి. బిగించే అబ్బాయి మైకును స్టీరింగ్ పక్కన అతికించి వదిలేయకుండా, వైరు సన్‌వైజర్ దాకా లాగమని దగ్గరుండి చెప్పండి.