పిట్టలు చూడాలంటే కట్టా, ఇంజిన్ బోటా, తెప్పా?

చలికాలం రాగానే మా వరంగల్ మిత్రుల్లో మొదలయ్యే వాదన ఇది: పిట్టలు చూడటానికి పాకాల చెరువా, లక్నవరం చెరువా? నన్నడిగితే రెంటిలో ఏదైనా సరే. ఎక్కడ నిలబడి చూస్తామో ముందు తేల్చుకోవాలి.

కొత్తవాళ్లకు కట్టే మంచిది. పాకాల చెరువు గణపతిదేవుడి కాలం నాటిది, 1213లో కట్టారంటారు. ట్రైపాడ్ మీద స్కోప్ (దూరదర్శిని) పెట్టుకుని పొద్దున్నే నిలబడితే బాతుల గుంపును తీరిగ్గా లెక్కపెట్టొచ్చు. చిక్కల్లా దూరమే. ఎండెక్కితే నీళ్ల మీద వేడి గాలి ఆడి, నీటికాకి కూడా నల్లచుక్కలా కనిపిస్తుంది.

ఇంజిన్ బోటు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. లక్నవరంలో వేలాడే వంతెన, దీవులు చూపించడానికి పిల్లలతో ఎక్కండి, బాగుంటుంది. పిట్టల కోసమైతే వద్దు. ఆ చప్పుడుకు తెల్లనుదుటి బొల్లికోళ్లు నీళ్ల మీద పరుగు తీసి ఎగిరిపోతాయి. బైనాక్యులర్ పెడితే వాటి వెనకభాగం తప్ప ఏమీ దొరకదు.

నా ఓటు తెప్పకే. నర్సంపేట వైపు ఒక ఊరి చెరువులో, వల తీయడానికి పోతున్న మత్స్యకారుడి వెంట రెండుసార్లు వెళ్లాను. రోజూ చూసే మనిషే కాబట్టి పిట్టలు ఆయన్ని అంతగా పట్టించుకోవు. పైగా వల పైకి లేస్తుంటే అవే దగ్గరికొస్తాయి. జారిపడ్డ చిన్న చేప కోసం నదీ రేవుపిట్ట అమాంతం దూకుతుంది. నలుపు తెలుపు లకుముకి గాలిలో ఒక్కచోటే రెక్కలాడిస్తూ నిలబడి, తర్వాత తలకిందులుగా నీళ్లలో పడుతుంది. నీటికాకి ఈకలు నీటికి తడుస్తాయి, అందుకే కొయ్య మీద రెక్కలు చాచి ఆరబెట్టుకుంటుంది. కట్ట మీది నుంచి చుక్కగా కనిపించిన పిట్ట ఇక్కడ ఆకుపచ్చ కన్నుతో సహా కనిపిస్తుంది.

కష్టాలూ ఉన్నాయి. బట్టలు తడుస్తాయి. ఆయన వల ఉన్న వైపు పోతాడు, మనం చూపించిన వైపు కాదు. అది ఆయన బతుకుదెరువు, తొందరపెట్టొద్దు, పొద్దు వృథా చేసినందుకు డబ్బులివ్వండి. లైఫ్ జాకెట్ మీరే తీసుకుపోవాలి, అక్కడ దొరకదు. పదిరెట్లు పెద్దగా చూపించే 10×50 బైనాక్యులర్ వద్దు, ఊగే తెప్ప మీద చేయి వణికి బొమ్మ నిలవదు. ఎనిమిది రెట్ల 8×42 చాలు. ట్రైపాడ్ ఇంట్లోనే వదిలేయండి, కెమెరా షట్టర్ వేగం 1/2000 సెకను దగ్గర పెట్టుకోండి. గూళ్లున్న చెట్ల దగ్గరికి మాత్రం తెప్పను తీసుకెళ్లమని అడగొద్దు.

పాకాల అభయారణ్యంలో ఉంది కాబట్టి అక్కడ ఫారెస్టువాళ్ల అనుమతి లేకుండా నీళ్లలోకి దిగొద్దు. ఊరి చెరువైతే మత్స్య సొసైటీవాళ్లతో ముందురోజే మాట్లాడుకోండి. వాళ్లు బయలుదేరేది కోడికూతకు ముందే, ఆలస్యమైతే మళ్లీ కట్టే గతి.